పార్కింగ్ కాంక్రీట్ పగిలి ఒక పక్క లేచింది, పైన స్టాంప్డ్ వేయిస్తే సరిపోతుందా?

పల్నాటి_పిల్లోడు (12 మే, రాత్రి 9:40)
అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట. ఇల్లు కట్టుకుని రెండేళ్లయింది. ఇంటి ముందు కారు పెట్టుకునే చోటు 22 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. పోయిన సెప్టెంబరులో గేటు దగ్గర నుంచి పోర్టికో స్తంభాల దాకా మొత్తం ఒకే ముక్కగా 4 అంగుళాల కాంక్రీట్ పోయించాను. ఉగాది వెళ్లాక ఒక స్తంభం మూల నుంచి గేటు వైపు ఏటవాలుగా పగులు మొదలైంది. మొదట్లో వెంట్రుకంత ఉంది కదా అని వదిలేశా, ఇప్పుడు రూపాయి బిళ్ల నిలువునా దూరుతోంది. పైగా పగులుకి ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం, చెప్పుకాలు తగులుతోంది. మేస్త్రీని పిలిస్తే "సిమెంటు పాలు పోస్తే పోద్ది సార్" అన్నాడు. పోశాడు. నెలలో మళ్లీ తెరుచుకుంది.

మా ఆవిడేమో ఎటూ పాడైంది కదా, పైన రాళ్లు పేర్చినట్టు కనిపించే స్టాంప్డ్ కాంక్రీట్ వేయిద్దాం అంటోంది. గుంటూరులో ఒకాయన పాతది పగలగొట్టక్కర్లేదు, దాని మీదే అంగుళం మందాన వేసి అచ్చు కొట్టేస్తా, చదరపు అడుగు 110 అన్నాడు. వేయించనా వద్దా?

సిమెంట్_శ్రీను (12 మే, రాత్రి 10:05)
వేయించకు అన్నా. కింద పలక కదులుతుంటే పైన అంగుళం పూత ఏం ఆపుతుంది? అదే పగులు అదే దారిలో పైకొస్తుంది, కాకపోతే ఈసారి రంగుల్లో వస్తుంది.

అసలు స్టాంప్డ్ కాంక్రీట్ అంటే అది కాదు. పూర్తి మందం కాంక్రీట్ పోసి, అది పచ్చిగా ఉండగానే పైన రంగు పొడి చల్లి రుద్ది, అంటుకోకుండా ఇంకో పొడి చల్లి, రబ్బరు అచ్చులు పరిచి తొక్కుతారు. పాత దాని మీద అంగుళం మాలు వేసి అచ్చు కొట్టడం వేరే పని, పేరు మాత్రం అదే చెప్తారు. నేల కదలని చోట అదీ బాగానే నిలుస్తుంది, మీ దగ్గర నిలవదు.

నాలుగు విషయాలు చెప్పు. కింద ఏం వేశారు? స్టీలు ఉందా? ఎక్కడైనా గాడి కోశారా? స్తంభానికి కాంక్రీట్ అతుక్కుని ఉందా?

పల్నాటి_పిల్లోడు (12 మే, రాత్రి 10:31)
కింద ఉన్న మట్టే చదును చేసి, పైన 40 ఎంఎం కంకర పలచగా పరిచి దిమ్మిస కొట్టారు. మట్టి నల్లరేగడి. స్టీలు వేశారు, మెష్ లాంటిది, నేల మీద పరిచి పైన పోసుకుంటూ పోయారు. గాడి అంటే ఏంటి? స్తంభానికి అతుక్కునే ఉంది, మధ్యలో ఖాళీ ఏమీ లేదు.

మేస్త్రీ_గారబ్బాయి (12 మే, రాత్రి 10:44)
"నేల మీద పరిచి పైన పోసుకుంటూ పోయారు"

అక్కడే పోయింది బాసూ. మెష్ నేల మీద పడుకుంటే అది మట్టికి బలం, కాంక్రీట్‌కి కాదు. మా నాన్న మేస్త్రీ, ఆయనా చాలా ఏళ్లు ఇలాగే వేశారు, అబద్ధం ఎందుకు. పోసేటప్పుడు కొక్కెంతో పైకి లాగుతాం అంటారు, ఒకడు లాగుతాడు, వెనకాలే ఇంకొకడు తొక్కుతాడు. కింద కవర్ బిళ్లలు, అంటే చిన్న సిమెంటు దిమ్మలు, పెట్టి నిలబెడితేనే నిలబడుతుంది. పలక మందంలో సగానికి పైన ఉండాలి.

రిటైర్డ్_ఏఈ (13 మే, ఉదయం 5:50)
నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను, ఎక్కువ కాలం మీ పల్నాడు వైపే, సాగర్ కుడి కాలువ మీద. రేగడి నేలలో కాలువ లోపల కాంక్రీట్ లైనింగ్ వేస్తే ఆ పలకలు అప్పడాల్లా లేచేవి. కాంక్రీట్ బాగాలేక కాదు. రేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, వేసవిలో మీ పొలాల్లో చెయ్యి దూరేంత నెర్రెలు చూసే ఉంటారు. ఉబ్బేటప్పుడు దాని మీద రెండంతస్తుల ఇల్లుంటే కొంత అణుగుతుంది, 4 అంగుళాల పలక ఎంత బరువు? చదరపు అడుగుకి 25 కిలోలు కూడా ఉండదు. దాన్ని లేపడం రేగడికి ఒక లెక్క కాదు.

ఇక స్తంభం. దాని పునాది లోతుగా ఉంటుంది, కదలదు. పలక నేలతో పాటు కదులుతుంది. రెండూ అతుక్కుని ఉంటే మూల దగ్గరే చిరుగుతుంది, చొక్కా చంకలో చిరిగినట్టు.

ఒక్క ప్రశ్న. ఎత్తుగా లేచిన పక్కన ఏముంది?

పల్నాటి_పిల్లోడు (13 మే, ఉదయం 8:15)
సార్, ప్రహరీ గోడ. గోడకీ కాంక్రీట్‌కీ మధ్య రెండడుగుల మట్టి వదిలాం, అమ్మ మొక్కలు పెట్టుకుంది. మల్లెపందిరి, కరివేపాకు, రెండు అరటి చెట్లు.

రిటైర్డ్_ఏఈ (13 మే, ఉదయం 8:22)
నీళ్లు?

పల్నాటి_పిల్లోడు (13 మే, ఉదయం 8:40)
రోజూ సాయంత్రం పైపు పెట్టి వదిలేస్తుంది సార్. ఇంకోటి, ఇప్పుడే వెళ్లి చూశా, డాబా మీద ట్యాంకు నిండితే పొర్లే పైపు కూడా ఆ అరటి చెట్ల మొదట్లోకే దించాం. ప్లంబరు "అమ్మగారి చెట్లకి ఊరికే పోతాయి" అంటే బాగుందనుకున్నాం. మోటారు కట్టడం మర్చిపోయిన రోజులు చాలానే ఉన్నాయి.

మేస్త్రీ_గారబ్బాయి (13 మే, ఉదయం 8:47)
దొంగ దొరికాడు 😀

రిటైర్డ్_ఏఈ (13 మే, ఉదయం 9:30)
ఒక పక్క రేగడికి ఏడాది పొడుగునా నీళ్లు, ఇంకో పక్క, అంటే గేటు వైపు, ఎర్రటి ఎండ. తడి పక్క లేచింది, ఎండిన పక్క దిగింది. మొత్తం సమంగా తడిసినా, మొత్తం సమంగా ఎండినా ఇంత గొడవ ఉండేది కాదు. ముందు ఆ ట్యాంకు పైపు మళ్లించండి, ఇవాళే. కాంక్రీట్ సంగతి తర్వాత.

డాలస్_బాబాయ్ (13 మే, ఉదయం 10:10)
ఈ మాట చదివి నవ్వొచ్చింది, మా ఇంటి గోల కూడా ఇదే. మేముండే ఉత్తర టెక్సాస్‌లో నేల మన రేగడికి అక్కలాంటిది, నల్లగా బంకగా ఉంటుంది, వేసవికి నెర్రెలిస్తుంది. ఇక్కడ ఇళ్లకి మనలాగా లోతు పునాదులు అరుదు, ఇల్లంతా ఒక్క కాంక్రీట్ పలక మీద కూర్చుంటుంది. పలకలో తీగలు పెట్టి, కాంక్రీట్ గట్టిపడ్డాక వాటిని జాక్‌తో లాగి బిగిస్తారు, ఒక పక్క నేల దిగినా పలక వంగకుండా. అలా కట్టినా సరే వేసవిలో ఇంటి చుట్టూ సన్న చిల్లుల పైపు పరిచి నేలకి నీళ్లు పడతాం. వచ్చిన కొత్తలో మా నాన్న చూసి "గోడకి నీళ్లు పోస్తున్నావేంట్రా, పిచ్చా?" అన్నారు. కారణం ఏఈ గారు చెప్పిందే, తడి అన్ని వైపులా ఒకేలా ఉండాలి.

మా డ్రైవ్‌వే కూడా పగిలింది. కానీ పగులు గాడిలోనే ఉంది, పైకి కనపడదు. ఇక్కడ ప్రతి పది అడుగులకీ గాడి ఉంటుంది.

పల్నాటి_పిల్లోడు (13 మే, ఉదయం 10:25)
ఈ గాడి సంగతి ఎవరైనా విడమరచి చెప్పండి బాబూ.

సిమెంట్_శ్రీను (13 మే, మధ్యాహ్నం 1:15)
చెప్తా, కాస్త పెద్దది, ఓపిగ్గా చదువు. కాంక్రీట్ ఆరేకొద్దీ కుంచించుకుంటుంది, ఎంత మంచి సిమెంటు వేసినా. కింద నేల పట్టుకుని ఉంటుంది కాబట్టి ఎక్కడో ఒకచోట తెగాల్సిందే. ఆ తెగేది మనం చెప్పిన చోట తెగాలి, అందుకే గాడి. మందంలో నాలుగో వంతు లోతు కోస్తే అక్కడ పలక బలహీనమవుతుంది, పగులు ఆ గాడి అడుగున వస్తుంది, కంటికి గీతే కనపడుతుంది.

ఎంత దూరానికి అంటే, మందానికి 24 నుంచి 30 రెట్లు లెక్క వేసుకో. 4 అంగుళాలకి 8 నుంచి 10 అడుగులు. ముక్కలు వీలైనంత చతురస్రంగా రావాలి, పొడుగు పట్టీలుగా వదిలితే అవి మళ్లీ మధ్యలో పగులుతాయి. నీ 22 x 14ని పొడవులో మూడు, వెడల్పులో రెండు చేస్తే ఆరు ముక్కలు, ఒక్కోటి దాదాపు 7 x 7. చక్కగా సరిపోతుంది.

ఎప్పుడు కోయాలన్నదే అసలు తిప్పలు. మరీ ముందు కోస్తే అంచుల్లో కంకర ఊడొస్తుంది, ఆలస్యమైతే అదే పగిలి కూర్చుంటుంది. మన ఎండలకి పొద్దున పోస్తే అదే రోజు సాయంత్రం నుంచి రాత్రి లోపల కోసేయాలి. కటింగ్ మెషీన్ వాడు "రేపొస్తా సార్" అంటాడు, నమ్మొద్దు, ముందురోజే అడ్వాన్స్ ఇచ్చి మెషీన్ ఇంటి దగ్గర పెట్టించుకో.

స్తంభాల చుట్టూ, గోడ వెంబడి, సంపు మూత చుట్టూ అర అంగుళం థర్మోకోల్ నిలబెట్టి పోయండి. కాంక్రీట్ దేనికీ అతుక్కోకూడదు. తర్వాత థర్మోకోల్ పైన అంగుళం గీకేసి, ఆ సందులో నీళ్లు దిగకుండా సాగే సీలెంట్ పెడితే చాలు.

ఏలూరు_రవి (13 మే, సాయంత్రం 6:02)
మధ్యలో దూరుతున్నా క్షమించండి, కాస్త టెన్షన్‌గా ఉంది. నిన్న మా మేడ మీద స్లాబ్ వేశాం. పొద్దున 10కి మొదలెట్టి 4కి అయింది. సాయంత్రానికే పైన కాకికాళ్లలాగా సన్న పగుళ్లు. సిమెంటు కల్తీనా? 53 గ్రేడ్ వాడాం.

రిటైర్డ్_ఏఈ (13 మే, సాయంత్రం 6:40)
కంగారు పడకండి. మే నెల మిట్టమధ్యాహ్నం, పైగా వడగాలి. కాంక్రీట్‌లోంచి పైకి ఊరే నీటి కంటే గాలి లాక్కుపోయేది ఎక్కువైతే, గట్టిపడక ముందే పైపొర ముడుచుకుని ఇలా చీలుతుంది. చాలాసార్లు పై పైనే ఉంటాయి. సెంట్రింగ్ విప్పాక కింద వైపు కూడా అదే చోట గీత కనిపిస్తేనే ఇంజినీరుకి చూపించండి. సిమెంటుని తిట్టే పని లేదు, టైముని తిట్టుకోండి. ఎండాకాలం స్లాబు తెల్లారి 5కి మొదలవ్వాలి, వెనకాలే తడి గోనెసంచులు కప్పుకుంటూ రావాలి.

ఇప్పుడు చేయాల్సింది మళ్లు కట్టి నీళ్లు నిలబెట్టడం. కాంక్రీట్ పనులకి మన దేశపు కోడ్ ఐఎస్ 456లో మామూలు ఓపీసీ సిమెంట్‌కి కనీసం 7 రోజులు, ఇలాంటి వేడికి 10 రోజులకి తగ్గకూడదు అని ఉంది. బూడిద కలిపిన పీపీసీ సిమెంటు అయితే 14 దాకా పట్టడం మంచిది. పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి పైపుతో చల్లడం క్యూరింగ్ కాదు, స్లాబ్‌కి స్నానం. సెంట్రింగ్ వాడు సామాను కోసం తొందర పెడతాడు, గది నాలుగున్నర మీటర్ల లోపుంటే స్లాబ్ కింద నిలబెట్టిన పోటులు 7 రోజులు, దాటితే 14, దూలాల కింద ఆరు మీటర్ల దాకా 14. అంతకు ముందు ముట్టనివ్వకండి.

ఏలూరు_రవి (13 మే, సాయంత్రం 6:58)
ప్రాణం లేచొచ్చింది సార్. మళ్లు కట్టించేశా.

మోడరేటర్ (13 మే, రాత్రి 8:00)
రవి గారూ, స్లాబ్ ప్రశ్నలు ఇంకా ఉంటే కొత్త చర్చ తెరవండి. ఇక్కడ పార్కింగ్ నడవనిద్దాం.

కూకట్‌పల్లి_కుమారి (14 మే, ఉదయం 11:20)
స్టాంప్డ్ గురించి ఎవరూ అనుభవం రాయలేదు కాబట్టి నేను రాస్తా. మేం నాలుగేళ్ల కిందట వేయించాం, సరైన పద్ధతిలోనే, పూర్తి మందం పోసి. మొదటి ఏడాది చుట్టుపక్కల వాళ్లందరూ వచ్చి చూసిపోయారు, మా అత్తగారైతే గేటు తీసి మరీ చూపించేవారు. తర్వాత సంగతి వినండి. రంగు కాపాడ్డానికి పైన కొట్టిన సీలర్ పూత రెండు మూడేళ్లకోసారి మళ్లీ కొట్టించాలి, లేకపోతే రంగు వెలిసి, కారు చక్రాలు తిరిగే చోట రెండు తెల్లటి చారలు వస్తాయి. వానలో జారుతుంది, సీలర్‌లో గరుకు పొడి కలపమని అడగాలని మాకు తెలీదు. మా మామగారు పడ్డారు, దేవుడి దయ, దెబ్బేం తగల్లేదు. అన్నిటికంటే పెద్దది, డ్రైనేజీ పైపు కోసం ఒక ముక్క పగలగొట్టాల్సి వచ్చింది, మళ్లీ పోస్తే ఆ రంగు కలవలేదు. మామిడిపండు మీద మచ్చలా ఉంటుంది ఇప్పటికీ.

మాకు వేసవిలో 5000 లీటర్ల నీళ్ల ట్యాంకర్ ఇంటి ముందుకొస్తుంది. నీళ్లే ఐదు టన్నులు, బండి బరువు వేరే. మీకూ అలా ఏదైనా వస్తుందంటే 4 అంగుళాలు చాలదు, ముందే చూసుకోండి.

పల్నాటి_పిల్లోడు (14 మే, మధ్యాహ్నం 12:05)
మా ఆవిడకి మీ పోస్టు చదివి వినిపించాను అక్కా. అత్తగారు గేటు తీసి చూపించేవారు అన్న ముక్క దగ్గరే ఆగిపోయింది, మిగతాది వినలేదు.

మేస్త్రీ_గారబ్బాయి (14 మే, మధ్యాహ్నం 12:30)
😀😀 అందంగానూ ఉండాలి, ఖర్చూ తక్కువ కావాలి అంటే రెండు దారులున్నాయి. ఒకటి, పైపొర కొంచెం బిగిశాక నీళ్లూ బ్రష్షుతో సిమెంటు పాలు కడిగేసి లోపలి రాళ్లు బయటపడేలా చేయడం. గులకరాళ్లు కలిపి పోస్తే చాలా బాగుంటుంది, జారదు. కాకపోతే కడిగే టైము తెలిసిన చెయ్యి కావాలి, తొందరపడితే రాళ్లే లేచొస్తాయి. రెండోది మనవాళ్లు ఎప్పటి నుంచో చేసేదే, చీపురు గీతలు వేసి, చుట్టూ నాలుగంగుళాల అంచు మాత్రం తాపీతో నున్నగా లాగడం. గాళ్ల వెంబడి కూడా అలాగే లాగితే ఆరు పెద్ద పలకలు పేర్చినట్టు కనిపిస్తుంది. గేటు దగ్గర ర్యాంపుకి చుక్కల రోలర్.

మా తాత ఎర్ర గచ్చు చేసేవాడు, గుండ్రాయితో రోజుల తరబడి నూరి అద్దంలా తెచ్చేవాడు. ఇంట్లో అయితే దాన్ని మించింది లేదంటాను. బయట వేస్తే మాత్రం మొదటి వానకి ఇంటిల్లిపాదీ జారుడుబండే.

ఒక్కటి గుర్తుపెట్టుకో. పోశాక పైన నీళ్లు ఊరతాయి, మనవాళ్లు తొందరగా తాపీ పట్టడానికి ఆ నీళ్ల మీద ఒట్టి సిమెంటు చల్లి రుద్దేస్తారు. చూడ్డానికి నున్నగా వస్తుంది, ఏడాదికి పెచ్చులు లేస్తుంది, చీపురు పెట్టిన ప్రతిసారీ దుమ్ము. మా నాన్న ఇప్పటికీ ఒప్పుకోడు, అది వేరే సంగతి.

రిటైర్డ్_ఏఈ (14 మే, సాయంత్రం 5:15)
కింద పని గురించి. పాతది తీసేశాక రేగడి రెండడుగులైనా తవ్వి పారేయండి. మూడైతే మరీ మంచిది, మీ జేబుని బట్టి. ఆ గోతిలో ఇసుక మాత్రం నింపొద్దు. ఇసుక అనగానే అందరికీ నమ్మకం, కానీ చుట్టూ రేగడి ఉన్న గోతిలో ఇసుక నింపితే అది తొట్టి అవుతుంది, వాన నీళ్లు దిగి అందులో నిలిచి తీరుబడిగా రేగడికి తాగిస్తుంది. ఉబ్బని ఎర్ర గ్రావెల్ తెప్పించండి, ఆరంగుళాలకి ఒక పొర, తడిపి, ప్లేట్ కంపాక్టర్ (నేలని అదిమే మెషీన్) పెట్టి తొక్కించి, మళ్లీ పొర. కాలువల కింద మేం వేసిన పొరల ఆలోచన కూడా ఇదే, ఉబ్బే మట్టికీ కాంక్రీట్‌కీ మధ్య ఉబ్బని జిగట మట్టి. దాని మీద 3 అంగుళాల పీసీసీ, అంటే స్టీలు లేని కాంక్రీట్, ఆపైన పాలిథిన్ షీటు, అప్పుడు మీ కాంక్రీట్. గేటు వైపు పది అడుగులకి అంగుళంన్నర వాటం.

వానలు దిగాక తవ్వితే బురదలో కూరుకుపోతారు. జూన్ మొదటి వారంలోపు చేయండి, లేదా సంక్రాంతి దాకా ఆగండి.

సిమెంట్_శ్రీను (14 మే, రాత్రి 9:10)
లెక్క నేనేస్తా. మందం 5 అంగుళాలు పెట్టుకో. 308 చదరపు అడుగులకి 128 ఘనపుటడుగులు, అంటే 3.6 క్యూబిక్ మీటర్లు. ఎం20 రకం కాంక్రీట్‌కి క్యూబిక్ మీటరుకి ఎనిమిది బస్తాల సిమెంటు చొప్పున 29, ఒకటి రెండు అటూ ఇటూ. కలిపిన కాంక్రీట్ తెచ్చే రెడీమిక్స్ బండి ఆరు క్యూబిక్ మీటర్లది, నీ 3.6కి వాళ్లు సగం ఖాళీ బండికి కూడా డబ్బులు అడుగుతారు, మాట్లాడి చూడు. లేదంటే ఇంటి దగ్గరే కలిపే మిల్లరు పెట్టించు. ఏదైనా సరే నీళ్ల దగ్గర నువ్వే నిలబడు. బస్తాకి 27 లీటర్లు దాటకూడదు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గాలి. కూలీలకి పలచగా ఉంటే పని తేలిక, వాళ్ల తప్పు కాదు, కానీ నీ పలక పోతుంది. 8 ఎంఎం ఊచలు 8 అంగుళాలకి ఒకటి, రెండు వైపులా, బిళ్లల మీద.

డాలస్_బాబాయ్ (15 మే, ఉదయం 7:30)
మొక్కల సంగతి మర్చిపోకండి. అరటి చెట్లు అక్కడే ఉంటే మళ్లీ మొదటికొస్తారు.

పల్నాటి_పిల్లోడు (15 మే, ఉదయం 8:05)
అరటి చెట్ల మాట అమ్మతో ఎత్తాలంటే నాకు కాంక్రీట్ కంటే అదే భయం.

పల్నాటి_పిల్లోడు (21 అక్టోబరు, ఉదయం 10:15)
చాలామంది ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నారు, ఇక్కడే రాసేస్తున్నా. జూన్ 2న పాతది పగలగొట్టించాం. రెండున్నర అడుగులు తవ్వాం, గోడ వైపు మట్టి ముద్దలా ఉంది, పిడికిట్లో పట్టుకుంటే నీళ్లు కారాయి, గేటు వైపు గునపం దిగలేదు. ఏఈ గారు చెప్పింది కళ్లారా చూశా. గ్రావెల్ ఐదు పొరలు తొక్కించాం. తెల్లారి 4:45కి మిల్లరు తిరిగింది, ఎనిమిదిన్నరకి అయిపోయింది. నీళ్ల బకెట్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నా, మిల్లరు కుర్రాడు నన్ను చూసిన చూపు జన్మలో మర్చిపోను.

కటింగ్ మెషీన్ శ్రీను అన్న చెప్పినట్టే ముందురోజు తెప్పించి పెట్టా. మెషీన్ వచ్చింది, మనిషి రాలేదు. చివరికి రాత్రి 9కి వచ్చి కోశాడు, ఆ మోతకి వీధి వీధంతా బయటికొచ్చింది. నాలుగో రోజే ఒక గాడి అడుగున సన్న గీత కనిపించింది, నాకు గుండె ఆగినంత పనైంది, తర్వాత గుర్తొచ్చింది అది రావాల్సిందే అని.

ట్యాంకు పైపు వీధి కాలువలోకి మళ్లించాం. అరటి చెట్లు పెరట్లోకి మారాయి, మల్లెపందిరి కుండీల్లోకి. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. ఫినిషింగ్ చీపురు గీతలే, నున్నటి అంచులతో. మా ఆవిడకి ఇంకా కోపం పోలేదు, వరండా ఒక్కటి అచ్చు కొట్టిస్తానని ఒప్పుకున్నా. అది ఇంటి ప్లింత్ (పునాది మీద ఎత్తు లేపిన అరుగు) మీదే ఉంది కాబట్టి కదలదు కదా సార్?

వానలన్నీ పడ్డాయి, లేవలేదు. సంపు మూత దగ్గర మాత్రం అరచెయ్యంత చోట నీళ్లు నిలుస్తున్నాయి, వాటం అక్కడ తప్పింది.

రిటైర్డ్_ఏఈ (21 అక్టోబరు, ఉదయం 11:00)
ప్లింత్ లోపల ఏం నింపారో ముందు చెప్పండి.

పల్నాటి_పిల్లోడు (21 అక్టోబరు, ఉదయం 11:04)
...పునాదుల్లో తీసిన మట్టే సార్.

మేస్త్రీ_గారబ్బాయి (21 అక్టోబరు, ఉదయం 11:06)
వదినగారికి ఈ చర్చ చూపించకు.